ఆదివారం గోల్ఫ్ కోసం వారమంతా ఒళ్ళు సిద్ధం చేసుకోవడం ఎలా

గోల్ఫ్ ఆడే నలుగురు కలిస్తే మాట కొత్త డ్రైవర్ (బాగా దూరం కొట్టడానికి వాడే పొడవైన క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) మీదకి వెళ్తుంది. ఏ షాఫ్ట్ (క్లబ్ కాడ) వేయించారు, లాఫ్ట్ (క్లబ్ తల వాలు) ఎంత, ఎన్ని గజాలు పెరిగింది అని. ఆ డ్రైవర్‌ని తిప్పే ఒంటి సంగతి మాత్రం నడుము పట్టేశాకే గుర్తొస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దంతా కుర్చీలోనే కూర్చుంటాం. శనివారం సాయంత్రం రేంజ్‌కి, అంటే ప్రాక్టీస్ మైదానానికి వెళ్ళి వంద బంతులు కొడతాం. ఆదివారం పొద్దున 6.30కి గోల్కొండ నయా ఖిలా దగ్గరి గోల్ఫ్ కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీద నిలబడి, రెండుసార్లు చేతులు ఊపుకుని, ఉన్న బలమంతా పెట్టి డ్రైవర్ తిప్పుతాం. నెలల తరబడి ఇలాగే సాగితే నడుమో మోచెయ్యో ఎదురు తిరగడంలో వింతేమీ లేదు.

గోల్ఫ్ చూడ్డానికి నెమ్మదైన ఆటే. ఒంటికి మాత్రం కాదు. నడిచి 18 హోల్స్, అంటే ఒక పూర్తి ఆట ఆడితే 8 నుంచి 10 కిలోమీటర్లు, నాలుగు గంటల పైన ఎండలో ఉంటారు. స్కోరు (మొత్తం దెబ్బల లెక్క) 90 దగ్గర తిరిగేవాళ్ళు పటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించే చిన్న దెబ్బలు) తీసేసినా 50కి పైగా స్వింగులు చేస్తారు, ప్రాక్టీస్ స్వింగులు కలిపితే లెక్క వంద దాటుతుంది. బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి ఎత్తడం) పైనుంచి క్లబ్ బంతి దాకా రావడానికి పట్టే సమయం సెకనులో నాలుగో వంతు. ఆ కాస్త సమయంలో కాళ్ళు, తుంటి, వెన్ను, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి కదిలి బలాన్ని చేతుల దాకా చేర్చాలి. పైగా ప్రతిసారీ ఒకే పక్కకి.

అందుకే కసరత్తుకి ఒక వరస ఉంది: ముందు కదలిక, తర్వాత బలం, చివర్లో వేగం. ఎక్కువమంది దూరం పెంచుకోవాలన్న తొందరలో వేగంతో మొదలుపెడతారు. బిగుసుకుపోయిన తుంటి మీద వేగం పెంచితే ఆ భారమంతా నడుమే మోయాలి. కింద చెప్పే పద్ధతి రోజుకి పది నిమిషాలు, దానికి తోడు వారానికి రెండు రోజులు నలభై నిమిషాలు, నడకకి మూడు రోజులు అరగంట కేటాయించగలిగినవాళ్ళ కోసం. ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్ అన్నీ ఉన్నవాళ్ళు కూడా ఇంతమాత్రం చేయగలరు.

బరువులెత్తితే స్వింగ్ చెడుతుందన్న భయం ఇంకా కొందరిలో ఉంది. 1950ల్లో గోల్ఫ్ లోకమంతా అలాగే నమ్మేది. దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ ఆ రోజుల్లోనే బరువులెత్తి తొమ్మిది మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) గెలిచాడు. జర్మనీకి చెందిన బెర్నార్డ్ లాంగర్ 2023లో 65 ఏళ్ళ వయసులో యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచాడు. మన లక్ష్యం ట్రోఫీలు కాకపోవచ్చు, కానీ 65లో కూడా నొప్పి లేకుండా 18 హోల్స్ నడవగలగడం చిన్న కోరికేమీ కాదు.

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. నడుము నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, కాలు బలహీనపడుతున్నా ఈ కసరత్తులు మీకు ఇప్పుడే కాదు. ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నాకే.

మొదటి మెట్టు: మీ ఒళ్ళు ఎక్కడ బిగుసుకుందో చూసుకోండి

ఒక ఐరన్ (మధ్య దూరాలకి వాడే క్లబ్), ఒక కుర్చీ, వీడియో తీయడానికి ఫోను ఉంటే చాలు. పావుగంట పని.

ముందు పైవెన్ను. కుర్చీలో నిటారుగా కూర్చుని, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి నొక్కి పట్టుకోండి. క్లబ్‌ని ఛాతీకి అడ్డంగా, భుజాలకి ఆనించి పట్టుకోండి. మోకాళ్ళు కదలకుండా కుడికి, తర్వాత ఎడమకి తిరగండి. రెండు వైపులా 45 డిగ్రీలు తిరగగలిగితే బాగున్నట్టే. నేల మీద టైల్స్ మూలల గీత ఊహించుకుంటే 45 డిగ్రీలు తెలిసిపోతుంది.

రెండోది తుంటి. అదే కుర్చీలో మోకాళ్ళు దగ్గరగా ఉంచి, ఒక పాదాన్ని పక్కకి, బయటికి జరపండి. తొడ ఎముక తుంటి గిన్నెలో లోపలి వైపు తిరగడం అంటే ఇదే. కుడి, ఎడమ పోల్చి చూడండి. ఇక్కడ మనవాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. చిన్నప్పటి నుంచీ బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వల్ల మనలో చాలామందికి తుంటి బయటి వైపు బాగానే తిరుగుతుంది. అది చూసి తుంటి సులువుగానే ఉందనుకుంటాం. గోల్ఫ్‌కి ఎక్కువగా కావాల్సింది లోపలి వైపు తిరగడం. కుడిచేతి ఆటగాడికి బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటి, ఫాలో త్రూలో (బంతికి తగిలాక స్వింగ్ ముగించేటప్పుడు) ఎడమ తుంటి లోపలికి తిరగాలి. అది తిరగకపోతే ఒళ్ళు ఆగదు, ఆ తిరుగుడుని నడుము దగ్గర వెతుక్కుంటుంది. నడుములోని ఐదు వెన్నుపూసలూ కలిసినా ఒక పక్కకి పది, పదమూడు డిగ్రీలకి మించి తిరగలేవు. వాటి పని బరువు మోయడం, ముందుకీ వెనక్కీ వంగడం. తిరగాల్సింది పైవెన్ను, తుంటి. అమెచ్యూర్ గోల్ఫర్ల నడుము నొప్పుల్లో చాలా వాటి వెనక ఉన్నది ఇదేనని నా గట్టి నమ్మకం. ఈ ఒక్క పరీక్షా మాత్రం వదిలేయకండి.

మూడోది వంగడం. క్లబ్‌ని వీపు వెనక నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, భుజాల మధ్య, పిరుదుల పైన ఉన్న ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా తాకాలి. మోకాళ్ళు కొంచెం వంచి, పిరుదుల్ని వెనక్కి తోస్తూ ముందుకి వంగండి. మూడు చోట్లలో ఏదైనా క్లబ్‌ని వదిలేస్తే మీరు తుంటి దగ్గర కాకుండా నడుము దగ్గర వంగుతున్నట్టు. బంతి ముందు నిలబడినప్పుడు కూడా అలాగే వంగుతున్నారన్నమాట.

చివరగా ఒంటికాలి మీద నిలబడి చూడండి. కళ్ళు తెరిచి, ఒక్కో కాలి మీద ఇరవై సెకన్లు. ఊగిపోతే ఫాలో త్రూ చివర నిలకడగా ఉండలేకపోవడానికి కారణం దొరికినట్టే.

నాలుగు ఫలితాలూ ఫోన్లో రాసి పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత మళ్ళీ చూడాలి.

రెండో మెట్టు: రోజూ పది నిమిషాలు

దీనికి జిమ్ అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు. చాప వేసుకోండి.

మార్జాలాసనంతో మొదలుపెట్టండి. చేతులు, మోకాళ్ళ మీద ఉండి, వెన్నుని నెమ్మదిగా పైకి గుండ్రంగా, తర్వాత కిందికి, ఎనిమిదిసార్లు. ఇది సాగదీయడానికి కాదు, వెన్నుని మేలుకొలపడానికి. కాబట్టి చివరి దాకా నొక్కకండి.

తర్వాత పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్ళు రెండూ ముందుకి మడిచి ఒకదాని మీద ఒకటి ఉంచండి. రెండు చేతులూ ముందుకి చాచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు అవతలి వైపుకి తెరవండి. చూపు చేతి వెంట వెళ్ళాలి, మోకాళ్ళు విడిపోకూడదు. అవతల నేలకి తాకకపోయినా ఫర్వాలేదు, ఊపిరి వదులుతూ కొంచెం కొంచెంగా. ఒక్కో పక్కకి ఎనిమిది.

తుంటి కోసం నేల మీద కూర్చుని, ఒక కాలు ముందు, ఒక కాలు పక్కన, రెండు మోకాళ్ళూ తొంభై డిగ్రీల్లో మడిచి పెట్టండి. చేతులు వెనక ఆనించి, రెండు మోకాళ్ళనీ లేపి అటు పక్కకి వాల్చండి, మళ్ళీ ఇటు. వెనకనున్న కాలి తుంటి లోపలికి తిరగడం తెలుస్తుంది. మొదట్లో పట్టేసినట్టు ఉంటుంది. మోకాలి లోపల నొప్పి వస్తే మడత తగ్గించండి, అక్కడ బలవంతం చేయకూడదు. నేల మీద కూర్చోలేనివాళ్ళు కుర్చీలోనే పైన చెప్పిన పరీక్షనే కసరత్తుగా పదేసి సార్లు చేసుకోవచ్చు.

చివరిది పొద్దంతా కుర్చీలో కూర్చుని ముడుచుకుపోయిన తొడ ముందుభాగం కోసం. ఒక మోకాలు నేల మీద, ఇంకో పాదం ముందు. మోకాలు నేల మీద ఉన్న వైపు పిరుదుని బిగించండి. బిగించాక ఒళ్ళంతా ఒక అంగుళం ముందుకి. అంతే. ముప్పై సెకన్లు. చాలామంది పిరుదు బిగించకుండా నడుముని వెనక్కి విరిచి సాగిందనుకుంటారు. అది నడుముకి చేటు.

ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో ముందుకి బాగా వంగితే వాటి మీద ఒత్తిడి మామూలుకంటే చాలా ఎక్కువ. కాబట్టి మంచం దిగగానే కాలివేళ్ళు అందుకోవడం, పొద్దున్నే లేచి పొట్ట తగ్గాలని సిట్అప్స్ చేయడం మానేయండి. ఈ పది నిమిషాలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అయితే అన్నిటికన్నా మంచిది. స్నానానికి ముందు అని ఒకచోట కట్టేసుకుంటే మర్చిపోరు.

ఆఫీసులో ముప్పావుగంటకోసారి లేచి నీళ్ళు తెచ్చుకోండి. ఫోన్ మాట్లాడాలంటే నిలబడి మాట్లాడండి. పొద్దున్నించీ తొమ్మిది గంటలు కదలకుండా కూర్చుని సాయంత్రం పది నిమిషాలతో సరిచేయగలమనుకోవడం అత్యాశ.

మూడో మెట్టు: వారానికి రెండు రోజులు బలం

మంగళవారం, గురువారం అనుకోండి. శుక్రవారం చేస్తే ఆదివారానికి కాళ్ళ నొప్పులు మిగలొచ్చు. రెండు రోజుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళకి వారంలో రెండు రోజులైనా కండరాల బలం పెంచే కసరత్తు ఉండాలనే చెబుతోంది.

ప్రధానమైన కసరత్తు నేల మీదనుంచి బరువు ఎత్తడం. కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న గుండ్రటి బరువు) గానీ డంబెల్ గానీ రెండు పాదాల మధ్య పెట్టి, క్లబ్ పరీక్షలో వంగినట్టే పిరుదుల్ని వెనక్కి తోసి వంగండి, వీపు నిటారుగా ఉంచి కాళ్ళతో నేలని తోస్తూ లేవండి. ఎనిమిదిసార్లు, మూడు విడతలు. పిరుదులు, తొడ వెనక కండరాలు గోల్ఫ్ స్వింగ్‌కి ఇంజన్లు. క్లబ్ పరీక్షలో తప్పినవాళ్ళు మొదటి రెండు వారాలు ఖాళీ చేతులతో, క్లబ్ వీపుకి ఆనించుకునే చేయండి.

దాని తర్వాత బస్కీలు. మన ఊళ్ళ తాలింఖానాల్లో వందలు తీసేవారు. మీకు వందలు అక్కర్లేదు. డంబెల్‌ని ఛాతీ దగ్గర రెండు చేతులతో పట్టుకుని పది చాలు, మడమలు నేల విడవకుండా. మోకాళ్ళు నొప్పి చేసేవాళ్ళు కుర్చీ మీద కూర్చుని లేచినట్టు చేయండి. ఆ తర్వాత ఒంటికాలి పని: మెట్టు మీదకి ఒక కాలు వేసి, కింది కాలితో తోయకుండా పై కాలి బలంతోనే ఎక్కండి, ఒక్కో కాలికి ఎనిమిది. కోర్సులో ఎగుడుదిగుడు నేల మీద నిలబడి కొట్టాల్సి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

పైభాగానికి దండాలు, రబ్బరు బ్యాండ్ లాగడం. దండాలు నేల మీద రాకపోతే గోడకో, వంటింటి గట్టుకో చేతులు ఆనించి మొదలుపెట్టండి. బ్యాండ్‌ని కిటికీ చువ్వకి కట్టి, మోచేతులు పక్కటెముకలకి ఆనుకునేలా వెనక్కి లాగండి. తోసేదానికంటే లాగేది ఎక్కువ చేయాలి. కంప్యూటర్ ముందు భుజాలు ముందుకి వాలిపోయినవాళ్ళకి ఒక దండం చేస్తే రెండు లాగుళ్ళు అనేది మంచి లెక్క.

ఇక నడుము సంగతి. గోల్ఫ్ అంటే తిప్పడం కాబట్టి నడుముని తిప్పే కసరత్తులు చేయాలని చాలా జిమ్‌లలో నేర్పుతారు. నేల మీద కూర్చుని బరువు పట్టుకుని గబగబా ఇటూ అటూ తిప్పిస్తారు. నేను దాన్ని సమర్థించను. నడుముకి నేర్పాల్సింది తిరగకుండా నిలబడడం. అది నిలబడితేనే కాళ్ళ బలం జారిపోకుండా భుజాలకి చేరుతుంది. అదే బ్యాండ్‌ని ఛాతీ ఎత్తులో కట్టి, దానికి పక్కగా నిలబడండి. రెండు చేతులతో పట్టుకుని ఛాతీ ముందుకి చాచండి. బ్యాండ్ మిమ్మల్ని పక్కకి తిప్పాలని చూస్తుంది, మీరు తిరగకూడదు. ఒక్కో పక్కకి పది.

కెనడా వెన్ను శాస్త్రవేత్త స్టువర్ట్ మెక్‌గిల్ నడుము కోసం చెప్పే మూడు కసరత్తుల్లో రెండు ఇక్కడ కలపండి. ఒకటి, చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాచి పది సెకన్లు ఆగడం. రెండోది పక్క ప్లాంక్, అంటే పక్కకి తిరిగి మోచేతి మీద ఆని ఒళ్ళు నేలనుంచి లేపి ఉంచడం, మొదట్లో మోకాళ్ళు మడిచి. రెండూ పది సెకన్ల చొప్పున ఐదారుసార్లు. నిమిషాల కొద్దీ పట్టి ఉంచే పోటీ వద్దు.

ముగింపు బరువు మోయడం. గోల్ఫ్ బ్యాగ్‌నే తీసుకుని, ఒక చేత్తో సూట్‌కేస్ పట్టుకున్నట్టు పట్టుకుని, ఒరగకుండా ముప్పై, నలభై అడుగులు నడవండి. చెయ్యి మార్చి తిరిగి రండి. 14 క్లబ్బులున్న బ్యాగ్ పది కిలోలు దాటుతుంది కాబట్టి మొదటి నెలకి అది చాలు. ఆ తర్వాత అందులో నీళ్ళ సీసాలు పెంచుకుంటూ పోండి. పట్టు బలం, భుజం, నడుము పక్క కండరాలు మూడూ దీంట్లో వచ్చేస్తాయి.

బరువెంత అని అడిగితే, ఎనిమిదోసారి ఎత్తాక ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించేంత. పన్నెండుసార్లు తేలిగ్గా వస్తే బరువు పెంచండి. మర్నాడు కండరం తీపులుగా ఉంటే మామూలే. కీలు దగ్గర గుచ్చినట్టు ఉన్నా, రెండు రోజులు దాటినా తగ్గకపోయినా ఆ కసరత్తు ఆపండి.

మోచెయ్యి నొప్పి ఉన్నవాళ్ళకి ఒక చిన్న జోడింపు. ముంజేతిని బల్ల మీద పెట్టి, చెయ్యి అంచు దాటేలా ఉంచి, ఒకటి రెండు కిలోల డంబెల్ పట్టుకోండి. నొప్పి లోపలి వైపైతే అరచెయ్యి పైకి, బయటి వైపైతే కిందికి. నాలుగు సెకన్లు తీసుకుంటూ మణికట్టుని నెమ్మదిగా కిందికి దించి, ఇంకో చేత్తో సాయం పట్టి పైకి తీసుకురండి. పదిహేనుసార్లు, రెండు విడతలు. దీనికి రెండు మూడు నెలల ఓపిక కావాలి, వారంలో తగ్గదు. గ్రిప్ పట్టు వదులు చేసుకోవడం కూడా వైద్యంలో భాగమే.

ప్రొటీన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన భోజనంలో అన్నం ఎక్కువ, పప్పు పలుచన. కండరం కట్టాలంటే ఒంటి బరువులో కిలోకి 1.2 గ్రాముల చొప్పున ప్రొటీన్ అందేలా చూసుకోండి. 70 కిలోల మనిషికి 84 గ్రాములు. గుడ్లు, చేపలు, చికెన్ తినేవాళ్ళకి కష్టం కాదు. శాకాహారులు ముద్దపప్పు, పెసరట్టు, శనగలు, పనీర్, పెరుగు మూడు పూటలకీ సర్దుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినంతే.

నాలుగో మెట్టు: నడక

పద్నాలుగో హోల్ తర్వాత స్కోరు పాడవడం చాలామందికి అనుభవమే. అప్పటిదాకా బాగున్న స్వింగ్ అక్కడ ఏమైంది? కాళ్ళు అలిసిపోయాయి. అలిసిన కాళ్ళు తిరగవు, చేతులు ఆ పని తీసుకుంటాయి, బంతి కుడికి పోతుంది.

వారంలో మూడు రోజులు అరగంట చురుగ్గా నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం. మూడు నాలుగు వారాలకి ఒక రోజు నడకని గంటకి, తర్వాత గంటన్నరకి పెంచండి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి మెట్లు మంచి సాధనం, ఎక్కేటప్పుడు నడిచి, దిగేటప్పుడు లిఫ్ట్ వాడుకోండి, మోకాళ్ళకి దిగడమే ఎక్కువ భారం.

కోర్సులో బగ్గీ (ఆటగాళ్ళు తిరిగే చిన్న బండి) వదిలి నడవమనే నా సలహా. మొదట తొమ్మిది హోల్స్ నడిచి, మిగతావి బగ్గీలో ఆడండి. బ్యాగ్ మోసేది క్యాడీ అయినా మీ నడక మీదే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో సొంతంగా మోసుకునే మనవాళ్ళు రెండు భుజాలకీ పట్టీలున్న బ్యాగ్ వాడాలి, వీలైతే ట్రాలీ. ట్రాలీని వెనక్కి లాగడంకంటే ముందుకి తోయడం భుజానికి మేలు.

ఐదో మెట్టు: వేగం, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే

మొదటి మెట్టులోని నాలుగు పరీక్షలూ మళ్ళీ చేయండి. తుంటి, పైవెన్ను బాగుపడి, బరువులెత్తడం నొప్పి లేకుండా సాగుతుంటేనే ఇక్కడికి రండి. వయసుతో పాటు బలంకంటే వేగం ముందు తగ్గుతుంది, అందుకే యాభై దాటినవాళ్ళకి ఈ మెట్టు ఇంకా అవసరం. క్లబ్ వేగం గంటకి ఒక మైలు పెరిగితే డ్రైవ్ సుమారు రెండున్నర గజాలు పెరుగుతుంది. నాలుగైదు మైళ్ళు పెరిగితే రెండో షాట్‌కి మిగిలే దూరం తగ్గి, అంత దూరం కొట్టనక్కర్లేని క్లబ్ తీయొచ్చు.

రెండు మూడు కిలోల మెడిసిన్ బాల్‌ని (కసరత్తుకి వాడే బరువైన బంతి) గోడకి పక్కగా నిలబడి, స్వింగ్‌లాగే కాళ్ళతో మొదలుపెట్టి విసరండి. ఐదుసార్లు కుడి నుంచి, ఐదుసార్లు ఎడమ నుంచి. ఆ తర్వాత డ్రైవర్‌ని తలకిందులు చేసి, హెడ్ దగ్గర షాఫ్ట్ పట్టుకుని, వీలైనంత వేగంగా గాలిలో తిప్పండి. రయ్యిమనే చప్పుడు బంతి ఉండాల్సిన చోటు దాటాక రావాలి, ముందే వస్తే చేతులు తొందరపడుతున్నాయన్నమాట. ఐదేసి చొప్పున మూడు విడతలు, విడతకి విడతకి నిమిషంపైగా విశ్రాంతి. ఇక్కడ అలసట పనికిరాదు. ఊపిరి ఆడకుండా చేస్తే నేర్చుకునేది నెమ్మదితనమే. ఎడమచేతి వాటంగా కూడా కొన్ని తిప్పండి, ఒకే పక్కకి అరిగిన ఒంటికి ఇది చాలా అవసరం. వారానికి రెండుసార్లకి మించకూడదు, ముందు ఒళ్ళు వేడెక్కించకుండా అసలు చేయకూడదు.

బంతుల లెక్క కూడా చూసుకోండి. టైగర్ వుడ్స్ అంత దృఢమైన ఒంటికే 2014లో వెన్ను ఆపరేషన్ తప్పలేదు. 2017లో వెన్నుపూసలు కలిపే పెద్ద ఆపరేషన్ జరిగింది, 2019లో మళ్ళీ మాస్టర్స్ టోర్నీ గెలవడం వేరే సంగతి. ఎంత బలమున్నా వెన్ను తట్టుకునే స్వింగులకి హద్దుంటుంది. శనివారం రేంజ్‌లో వంద బంతులు గబగబా కొట్టే బదులు నలభై చాలు, ప్రతి పది బంతులకీ క్లబ్ మార్చి, రెండు నిమిషాలు ఆగుతూ. రేంజ్‌లో పరిచిన చాప మీద కొట్టేటప్పుడు కింద సిమెంటు ఉంటుంది, ఐరన్ బంతికి ముందే నేలకి తగిలిన ప్రతి దెబ్బా మోచేతికే. గడ్డి దొరికితే గడ్డి మీదే కొట్టండి.

మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండేవాళ్ళకి మంచు కురిసే నెలలు వరం. డిసెంబర్, జనవరిల్లో బలం, ఫిబ్రవరి, మార్చిల్లో వేగం, ఏప్రిల్లో కోర్సు. హైదరాబాద్‌లో మే ఎండలకి ఆట తగ్గినప్పుడు అదే వరస పాటించొచ్చు.

ఆట రోజు

6.30 టీ టైమ్ (ఆట మొదలయ్యే సమయం) అంటే 4.45కే లేవండి. పైన చెప్పిన డిస్కుల సంగతి ఇక్కడ బాగా గుర్తుంచుకోవాలి: లేచిన గంటలోపు డ్రైవర్ తిప్పడం ఎవరికీ మంచిది కాదు. ఇంట్లో అటూ ఇటూ నడవండి, రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తినండి, పెద్ద గ్లాసు నీళ్ళు తాగండి.

కోర్సుకి పావుగంట ముందు చేరుకోండి. ఒకచోట నిలబడి కండరాన్ని సాగదీసి అరనిమిషం పట్టి ఉంచడం ఆటకి ముందు వద్దు, అది కండరం చురుకుని కాసేపు తగ్గించొచ్చు. కదులుతూ చేయాలి. చురుగ్గా మూడు నిమిషాల నడక. బ్యాగ్ పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ, పక్కకీ పదేసి ఊపులు. పది బస్కీలు. క్లబ్ భుజాల మీద పెట్టుకుని కాళ్ళతో సహా ఇటూ అటూ తిరగడం. తర్వాత వెడ్జ్‌తో (పొట్టి దూరాలకి వాడే క్లబ్) సగం స్వింగులు, ఐరన్‌తో ముప్పావు, చివర్లో డ్రైవర్ మూడు నాలుగు, నెమ్మదినుంచి వేగానికి. బగ్గీలో తిరిగేవాళ్ళు షాట్‌కి షాట్‌కి మధ్య చల్లబడిపోతారు, కాబట్టి దిగిన ప్రతిసారీ రెండు ప్రాక్టీస్ స్వింగులు తప్పనిసరి.

ప్రతి రెండు హోల్స్‌కీ నాలుగైదు గుక్కల నీళ్ళు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు. వేసవిలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సీసా ఒకటి బ్యాగ్‌లో ఉండాలి. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అక్కడ ఇది మరీ అవసరం. ఆరో హోల్ దగ్గర గుప్పెడు వేయించిన పల్లీలు, పన్నెండో హోల్ దగ్గర ఒక పల్లీ చిక్కి. తల తిరిగినా, చలి వేసినట్టనిపించినా, చెమట ఆగిపోయినా ఆట ఆపి నీడకి వెళ్ళండి. స్కోరు వచ్చే వారం చూసుకోవచ్చు. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే నీడ చాలదు, నేరుగా ఆసుపత్రికే.

ఆట అయ్యాక వెంటనే కారెక్కి గంట ట్రాఫిక్‌లో కూర్చోవడం నడుముకి మంచిది కాదు. పార్కింగ్ దాకా పొడవాటి దారిలో నడవండి. కండరాన్ని సాగదీసి పట్టి ఉంచడానికి ఇదీ సమయం: తొడ వెనక, తొడ ముందు, ఛాతీ, ఒక్కోటి అరనిమిషం.

నడుము పట్టేసినప్పుడు తిరిగి రావడం

ఎంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకసారి పట్టేస్తుంది. మంచం మీద వారం పడుకోకండి, నొప్పి ఓర్చుకోగలిగినంతలో పొట్టి నడకలు నడవండి. పాదం వాలిపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మామూలు పట్టు అయితే రోజువారీ పనులు నొప్పి లేకుండా సాగే దాకా క్లబ్ ముట్టుకోవద్దు.

ఆ తర్వాత వరస ఇలా. మొదటి మూడు నాలుగు రోజులు పటింగ్ మాత్రమే, అదీ బంతిని గుంతలోంచి తీసేటప్పుడు ఒక కాలు వెనక్కి లేపి, పటర్ (పటింగ్‌కి వాడే క్లబ్) మీద ఆనుకుని వంగి. తర్వాత చిప్పింగ్ (గుంతకి దగ్గర్నుంచి కొట్టే చిన్న దెబ్బలు). రెండో వారంలో వెడ్జ్‌తో సగం స్వింగులు, ఇరవై బంతులు, రోజు విడిచి రోజు. మూడో వారంలో మిడిల్ ఐరన్‌తో ముప్పావు స్వింగులు. నాలుగో వారంలో తొమ్మిది హోల్స్, డ్రైవర్ లేకుండా. ఏ దశలోనైనా మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే వెనక మెట్టుకి దిగి, మూడు రోజులాగి మళ్ళీ మొదలుపెట్టండి. డ్రైవర్ ఐదో వారంలో, మొదట రేంజ్‌లో పది బంతులతో.